ఢోల్ దరువుకు మెటల్ హోరు: ఢిల్లీ బృందం ‘బ్లడీవుడ్’ ప్రత్యేకత ఏమిటి?

న్యూఢిల్లీ: పంజాబీ ఢోల్, వేణువు, బరువైన ఎలక్ట్రిక్ గిటార్లు, హిందీ-పంజాబీ పల్లవులు, ఆంగ్ల ర్యాప్. ఇన్ని ఒకే పాటలో ఇమిడితే అది సంగీతమవుతుందా, గందరగోళమవుతుందా? ఢిల్లీకి చెందిన ‘బ్లడీవుడ్’ బృందం ఈ ప్రశ్నకు దేశవిదేశాల వేదికలపై సమాధానమిస్తోంది.

సమ్మేళనం ఎలా పుట్టింది?

భిన్న శైలులను కలిపే ఈ ధోరణికి అమెరికాలో బీజం పడింది. 1970ల చివర వాషింగ్టన్‌లో ‘బ్యాడ్ బ్రెయిన్స్’ వంటి బృందాలు హార్డ్‌కోర్ పంక్‌కు రూపమిచ్చాయి. 1986లో రన్-డీఎంసీ, ఏరోస్మిత్ కలిసి ర్యాప్‌ను, రాక్‌ను ఒకే పాటలోకి తెచ్చాయి. 1992లో లాస్ ఏంజెలిస్ బృందం ‘రేజ్ అగైనెస్ట్ ద మెషీన్’ తన తొలి ఆల్బమ్‌లో పంక్, మెటల్, హిప్‌హాప్, ఫంక్‌లను ఒక్కటి చేసింది.

ఈ కలయికలో ఒక్కో శైలిది ఒక్కో పాత్ర. పంక్ వేగాన్ని, నిరసన స్వరాన్ని ఇస్తుంది. మెటల్ గిటార్‌కు బరువునిస్తుంది. హిప్‌హాప్ మాటనే తాళంగా మారుస్తుంది. ఫంక్ దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామమిచ్చి, శ్రోత శరీరాన్ని ఊగిస్తుంది.

ఢోల్ చేసే పని

బ్లడీవుడ్ పాటల్లో ఆ ఊపునిచ్చే బాధ్యతను ప్రధానంగా భాంగ్రా లయ మోస్తుంది. ఢోల్‌కు రెండు ముఖాలుంటాయి. వంపు తిరిగిన లావు కర్ర ఒకవైపు గంభీర నాదాన్ని, సన్నని పుల్ల మరోవైపు చురుకైన నాదాన్ని పలికిస్తాయి. తెలుగు నేలపై డప్పు కళాకారులు సిర్ర, చిటికెన పుల్లలతో రెండు రకాల దరువులు పుట్టించడం వంటిదే ఇది. మెటల్ డ్రమ్స్‌లోనూ ఇలాంటి మంద్ర, తీవ్ర నాదాల జంట ఉండటంతో ఢోల్ ఆ వాద్యబృందంలో సహజంగా ఒదిగిపోతుంది.

హాస్యానుకరణ నుంచి సొంత గొంతుకు

ఢిల్లీకి ఇటువంటి ప్రయోగాలు కొత్త కాదు. 1990లో ఏర్పడిన ‘ఇండియన్ ఓషన్’ జానపద, శాస్త్రీయ బాణీలను రాక్‌తో మేళవించింది. 1991లో మొదలైన ‘పరిక్రమ’ నగరంలో రాక్‌కు శ్రోతలను పెంచింది.

2016లో బ్లడీవుడ్ ప్రారంభమైనప్పుడు దాని లక్ష్యం వినోదమే. కార్పొరేట్ న్యాయవాద వృత్తిని వదిలిన కరణ్ కటియార్, గాయకుడు జయంత్ భదులా ప్రజాదరణ పొందిన పాటలను మెటల్ శైలిలో హాస్యంగా అనుకరించేవారు. ర్యాపర్ రౌల్ కెర్ చేరికతో బృందం దిశ మారింది. 2018లో వచ్చిన ‘ఆరి ఆరి’ పంజాబీ బాణీని మెటల్, ర్యాప్‌లతో పెనవేసింది. 2019లో జర్మనీలోని ప్రఖ్యాత ‘వాకెన్’ మెటల్ ఉత్సవంలో ఆ బృందం ప్రదర్శన ఇచ్చింది. ఆ ఏటి యాత్రకు ‘రాజ్ అగైనెస్ట్ ద మెషీన్’ అని పేరు పెట్టి, పూర్వగాముల రుణాన్ని చమత్కారంగా చాటుకుంది.

2022లో ‘రక్షక్’ ఆల్బమ్‌ను సొంతంగా విడుదల చేసింది. 2025 మార్చిలో ‘ను ఢిల్లీ’ ఆల్బమ్‌తో సొంత నగరాన్నే శీర్షికకెక్కించింది.

హోరు వెనుక మాట

పేరులోనే పరిహాసమున్న బృందానికి ఒక చిక్కు తప్పదు. విదేశీ శ్రోతకు ఢోల్, వేణువు కేవలం వింత అలంకారంగా మిగిలిపోవచ్చు. ఆ ముప్పును బ్లడీవుడ్ ఇతివృత్తాలతో ఎదుర్కొంది. ‘జీ వీరే’ మానసిక కుంగుబాటును, ‘ఎండ్యూరెంట్’ తోటివారి వేధింపులను, ‘దనా దన్’ లైంగిక హింసను ప్రస్తావిస్తాయి. ‘గద్దార్’ విభజన రాజకీయాలను నిలదీస్తుంది.

ఆ మాట పాటతోనే ఆగిపోలేదు. ‘జీ వీరే’ విడుదల సందర్భంగా శ్రోతలకు ఉచిత మానసిక సలహా సేవలు అందేలా బృందమే ముందుగా రుసుము చెల్లించింది. మనిషికీ కుక్కకూ మధ్య అనుబంధాన్ని చెప్పే ‘యాద్’ పాటతో పాటు ఒక జంతు సంరక్షణ సంస్థకు అంబులెన్స్‌ను సమకూర్చింది.

మనసు కుంగిందని ఇంట్లో చెప్పుకోవడానికి సైతం యువత సంకోచించే సమాజంలో, ఆ మాటను వేలమంది ఒక్క గొంతుతో అరిచి చెప్పే చోటు ఏర్పడటం చిన్న విషయం కాదు. ఈ సంగీతం చెవికి కఠినమే అయినా, బాధను దాచుకోవద్దని అది చెప్పే మాట మాత్రం మృదువైనదే.