నటుల విస్కీయు, మన మక్కలును

ఉప్పల్, నాచారముల పొలములు ఇండ్ల స్థలములై చాలకాలమైనది. ఘట్‌కేసర్ దిక్కున సేద్యము చేయు దంపతులు మొన్న ఉప్పల్ చౌరస్తాలో నన్ను కలిసిరి. "సినిమావాళ్ళు మక్కలతోని విస్కీ చేయించి అమ్ముతున్నరంట గద సారూ, మా మక్కలకు ధర పెరుగుతదా?" అని రైతు అడిగెను.

ప్రశ్న మంచిదే. అమెరికాలో ఇయాన్ సోమర్‌హాల్డర్, పాల్ వెస్లీ యను నటులిద్దరు 2021లో 'బ్రదర్స్ బాండ్' అను బూర్బన్ విస్కీని వెలువరించిరి. బూర్బన్ అనిపించుకొనుటకు ధాన్యమున నూటికి 51 పాళ్ళైనను మొక్కజొన్న యుండవలెననియు, లోపల కాల్చిన క్రొత్త ఓకు పీపాలలో నిలువ చేయవలెననియు ఆ దేశపు చట్టము. మన దగ్గుబాటి రానా, సంగీతదర్శకుడు అనిరుధ్‌తో కూడి 2024లో ఆరంభించిన 'లోకా లోకా'లో గింజయే లేదు. అది మెక్సికోలో కిత్తనార జాతి మొక్కనుండి తీయు టెకీలా.

ఇక లెక్క చూడుడు. ముప్పాతిక లీటరు బూర్బనునకు పట్టు ధాన్యమంతయు సుమారొక కిలో. 2025-26కు మక్కల కనీస మద్దతు ధర క్వింటాలునకు 2,400 రూపాయలు, అనగా కిలో 24. సీసా వెలలో తక్కినది పీపాకు, కాలమునకు, పన్నుకు, నటుని పేరునకు. ఆ 24 దక్కుటకైనను గింజలో తేమ నూటికి 14 పాళ్ళు మించరాదు.

నాచారమున స్టూడియో నెలకొల్పిన నందమూరి తారక రామారావు గారును నటులే. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన పిమ్మట, ముఖ్యమంత్రిగా 1995 జనవరి 16 నుండి మద్యనిషేధము నమలుపరచిరి. 1997లో అది సడలెను.

ఈ మాటకు రైతు నవ్వెను. ఆయన భార్య నవ్వలేదు. "పా, మక్కలు ఆరబోసుకుందం" అని బస్సువైపు నడిచెను.