మర్రి నీడలో ఆదరణ

మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కితే, పోలీసు అకాడమీ దాటాక నగరం రొద మెల్లగా వెనకబడుతుంది. మొయినాబాద్ వైపు సాగేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు కనిపిస్తాయి. హైదరాబాద్-బీజాపూర్ రహదారిలోని ఈ భాగంలో అలాంటి చెట్లు వందల కొద్దీ ఉన్నాయి. రోడ్డు విస్తరణలో ఇవి పోతాయేమోనన్న బెంగతో ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఈ చెట్ల నీడ విలువ తెలియాలంటే మిట్టమధ్యాహ్నం బస్సు కోసం నిలబడిన వాళ్లను అడగాలి. గంప ముందు పెట్టుకుని గిరాకీ కోసం ఎదురుచూసే తల్లులను అడగాలి.

అయితే ఈ రోడ్డు నీడనే కాదు, కన్నీళ్లను కూడా ఎరుగును. 2024 డిసెంబర్ 2న ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునే వారి మీదికి లారీ దూసుకొచ్చి కొందరి ప్రాణాలు తీసింది. ఏడాది తిరగకముందే, 2025 నవంబర్ 3న తెల్లవారాక మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. అది సోమవారం. సెలవు ముగించుకుని చదువులకు, కొలువులకు పట్నం బయలుదేరిన వాళ్లు ఆ బస్సులో ఉన్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకు మేం నలుగురం చేవెళ్ల మండలంలోని ముడిమ్యాలలో ఒక కుటుంబ ప్రార్థనకు వెళ్లాం. పొద్దు వాలుతోంది. వాకిట్లో చాప పరిచారు. ఒక పక్క అప్పుడే కోసిన పాలకూర కట్టలు, వాటి మీద తడి గోనెపట్టా. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. వాక్యం చెప్పడానికి బైబిలు తెరిచేలోగా, గోడకానుకుని కూర్చున్న ఒక యువకుడు గొంతు సవరించుకున్నాడు. అతడు కూరగాయల ఆటో నడుపుతాడు.

‘‘అయ్యగారూ, నేను రోజూ నాలుగ్గొట్టంగనే అదే రోడ్డు మీద ఆటో తోలుకపోత. ఆ జాగ కాడికి రాంగనే గుండె జారిపోతది. నాకు ఒక్కటి చెప్పుండ్రి. ఆ బస్సుల పోయినోళ్లు ఏం పాపం చేసిండ్రు? దేవుడు చూస్తలేడా?’’ అన్నాడు.

వాకిలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. ఎన్నో చావు ఇళ్లలో విన్నదే. అయినా మా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులేవీ ఆ క్షణంలో నోటికి రాలేదు.

యేసుప్రభువు కాలంలోనూ ఇలాంటి ప్రశ్నే తలెత్తింది. యెరూషలేములో సిలోయము దగ్గర ఒక గోపురం కూలి 18 మంది చనిపోయారు. ప్రభువు ఆ ఘటనను తానే ప్రస్తావించి, వాళ్లు ఆ పట్టణంలోని మిగతావారి కంటే పాపులని అనుకుంటున్నారా అని జనాన్ని అడిగాడు. కాదని తేల్చి చెప్పాడు. బతికున్నవారే తమ బతుకులు సరిచేసుకోవాలని హెచ్చరించాడు (లూకా 13:4, 5). చనిపోయినవారి మీద తీర్పు చెప్పే హక్కును ఆయన ఎవరికీ ఇవ్వలేదు. పుట్టు గుడ్డివాడిని చూసి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు కూడా, అతని పాపమూ కాదు, కన్నవారి పాపమూ కాదన్నాడు (యోహాను 9:2, 3). ఆ సాయంత్రం మేం చెప్పగలిగింది అంతే. ‘‘బాబూ, వాళ్లు ఏ పాపం చేశారని అడగొద్దని ప్రభువే చెప్పాడు. దేవుడు ఎందుకు ఆపలేదంటావా, అది మాకూ తెలియదు.’’

అతడు తల దించుకున్నాడు. ఆ జవాబు అతనికి చాలలేదని మాకు అర్థమైంది.

అప్పుడు ఆ ఇంటి తల్లి నోరు విప్పింది. యాభై ఏళ్లు దాటి ఉంటాయి. ఎకరం లోపు భూమిలో ఆకుకూరలు పండించి పట్నంలో అమ్ముకుంటుంది. చాలా ఏళ్ల క్రితం ఆమె భర్త కూడా రోడ్డు ప్రమాదంలోనే పోయాడు. అప్పటికి పిల్లలు చిన్నవాళ్లు. తన కథ ఆమె చెప్పిన మాటల్లోనే చెబితే బాగుంటుంది.

‘‘ఆయన పోయిన కొత్తల ముద్ద నోట్లకు పోకపోయేది. వచ్చినోళ్లంత ఒక్కటే మాట, ఏ జన్మల ఏం పాపం చేసుకుంటివో అని. మన మందిరమోళ్లు గూడ కొందరు, నీకు విశ్వాసం తక్కువైంది, గందుకే ఇట్లయింది అన్నరు. పుండు మీద కారం చల్లినట్టుండె. పక్కింటి అవ్వ మాత్రం ఒక్క మాట మాట్లాడలే. ఆమె మన మందిరానికి వచ్చే మనిషి కాదు. బోనాలకు బోనమెత్తే మనిషి. పొద్దుగాల జొన్నరొట్టె, ఇంత పచ్చిపులుసు తెచ్చి నా ముంగట పెట్టి కూసునేది. నేను తినేదాక లేవకపోయేది. పదకొండు దినాలు గట్లనే చేసింది.’’

‘‘పన్నెండో దినం పొద్దుగాల వచ్చి నా చేతిల కొడవలి పెట్టింది. పాలకూర ముదురుతున్నది బిడ్డా, కోద్దాం పా అన్నది. మడిల కూసోని ఏడ్చుకుంటనే కోసిన. ఇద్దరం కట్టలు కట్టినం. తెల్లారి గంప బస్సుల ఏసుకోని బజారుకు పోయిన. అట్ల మల్ల బతుకుల వడ్డ.’’

ఆమె ఆ యువకుడి వైపు తిరిగి నెమ్మదిగా అంది: ‘‘దేవుడు చూస్తలేడా అంటివి గదా బిడ్డా. ఆ పదకొండు దినాలు నేనూ గదే అనుకున్న. ఇప్పుడు ఎరుకైంది. ఆయన నా ముంగటనే కూసున్నడు. నాకే తెల్వలే.’’

బైబిలు మా చేతుల్లో తెరిచే ఉంది. కానీ ఆ సాయంత్రం వాక్యం చెప్పింది ఆ తల్లే.

ఆమె మాట వింటుంటే మాకు యాకోబు గుర్తొచ్చాడు. ఇల్లు విడిచి పారిపోతూ, రాయి తలకింద పెట్టుకుని నిద్రపోయినవాడు, లేచాక కదా దేవుడు అక్కడే ఉన్నాడని, అది తనకు తెలియలేదని గుర్తించాడు (ఆదికాండము 28:16). ఏలీయా గుర్తొచ్చాడు. ఇక బతకలేనని బదరీ చెట్టు కింద పడుకున్న ఆ ప్రవక్తకు దేవుడు ముందుగా బోధ చేయలేదు. దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు. తినిపించి, పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే (1 రాజులు 19:4-9). జొన్నరొట్టె తెచ్చిన అవ్వకు ఈ కథ తెలియకపోవచ్చు. కానీ ఆమె చేసింది అదే పని.

యోబు స్నేహితులు కూడా మొదట మంచి పనే చేశారు. అతని పక్కన నేల మీద ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా కూర్చున్నారు (యోబు 2:13). ఎప్పుడైతే నోరు తెరిచి, నీ పాపమే నీకు తగిలిందని వాదించడం మొదలుపెట్టారో, అప్పుడే వాళ్లు ఆదరణ పోగొట్టి బాధ పెంచేవాళ్లయ్యారు. మనమూ అంతే. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు ఏదో ఒకటి చెప్పాలన్న ఆత్రం మనది. చెప్పడానికి ఏమీ లేదని ఒప్పుకోవడం మనకు చేతకాదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు అతని సమాధి దారిలో కన్నీళ్లు పెట్టుకున్నాడు (యోహాను 11:35). మరణాన్ని జయించినవాడే ఏడ్చినప్పుడు, ఏడ్చేవాళ్లను ఏడవనివ్వడానికి మనకెందుకు తొందర?

ఆ రోజు మాట్లాడుకుంటూ వాకిట్లో నుంచి లేచేసరికి చీకటి పడింది. ఆ ఇంటివాళ్లే మరో సంగతి చెప్పారు. ఊళ్లో ఎవరింట్లో దుఃఖం కలిగినా ఈ తల్లి ముందుగా వెళ్తుందట. ఏ కులం, ఏ మతం అని చూడదు. గుడ్డలో రొట్టెలు చుట్టుకుని పోయి, వాళ్లు తినేదాకా కూర్చుని వస్తుందట. పక్కింటి అవ్వ ఇప్పుడు లేదు. అవ్వ నేర్పిన పని మాత్రం ఆగలేదు.

అక్కడే మాకు మర్రిచెట్టు గుట్టు తెలిసినట్టయింది. మర్రికొమ్మ నుంచి సన్నని ఊడ దిగుతుంది. మొదట అది గాలికి ఊగుతూ, కొమ్మనే పట్టుకుని వేలాడుతుంది. నేలను తాకి వేరూనాక మెల్లగా లావెక్కి స్తంభంలా నిలుస్తుంది. ఏ కొమ్మ తనను మోసిందో ఆ కొమ్మనే తిరిగి మోస్తుంది. ఇలా ఊడలు మానులైతేనే మర్రి వందల ఏళ్లు నిలబడి అంత నీడనిస్తుంది. ఆదరణ పొందినవారు ఆదరించేవారు కావడం కూడా ఇలాంటిదే. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసింది ఈ సత్యాన్నే. మన శ్రమల్లో దేవుడు మనల్ని ఆదరించేది, అదే ఆదరణతో శ్రమల్లో ఉన్న ఇతరులను మనం ఆదరించగలగడానికి (2 కొరింథీ 1:3, 4). మనకు దొరికిన ఆదరణ మన దగ్గరే ఆగిపోతే అది గాలిలో వేలాడే ఊడ. మరొకరి భారం మోసినప్పుడే అది నేలను తాకిందని అర్థం.

ఇది ఒక్కొక్కరి బతుకులోనే కాదు, ఊళ్ల చరిత్రలోనూ కనిపిస్తుంది. మొయినాబాద్ దారికి ఒక వైపు ఉస్మాన్‌సాగర్, మరో వైపు హిమాయత్‌సాగర్ ఉన్నాయి. మనం గండిపేట చెరువని పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ చెరువుల వెనక ఒక పెద్ద శోకం ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. అలాంటి వరద మళ్లీ రాకూడదని, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఈ జలాశయాల ఆలోచన మొదలైంది. ఆ శోకం నుంచి వచ్చిన నీళ్లు తర్వాత ఎన్నో తరాల దాహం తీర్చాయి. పోయినవాళ్లను ఏ చెరువూ తిరిగి తేలేదు. కానీ బతికినవాళ్లు తమ దుఃఖాన్ని ఇతరుల క్షేమంగా మార్చగలిగారు.

విశ్వాసం అంటే ఆదివారం మందిరంలో పాట పాడటంతో ముగిసిపోయేది కాదని ధర్మశాస్త్రంలోని ఒక చిన్న ఆజ్ఞ గుర్తుచేస్తుంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు ఎవరూ పడిపోకుండా పైకప్పుకు పిట్టగోడ కట్టాలని దేవుడు చెప్పాడు (ద్వితీయోపదేశకాండము 22:8). ఇతరుల ప్రాణానికి జాగ్రత్తపడటం కూడా దేవుని ఎదుట భక్తే. నిద్రమత్తులో స్టీరింగ్ పట్టకపోవడం, మోయలేనంత బరువు బండికి ఎత్తకపోవడం, రోడ్డు పక్కన గంప పెట్టుకున్న తల్లిని చూసి వేగం తగ్గించడం, ఇవన్నీ ఈ కాలపు పిట్టగోడలు. ప్రమాదం జరిగాక దేవుడెక్కడ అని అడిగే మనం, జరగకముందు నేనెక్కడ ఉన్నానని కూడా ఒకసారి అడుక్కోవాలి.

నతనయేలు తొలిసారి ప్రభువు దగ్గరికి వచ్చినప్పుడు, నన్ను మీరెలా ఎరుగుదురని ఆశ్చర్యపోయాడు. ఫిలిప్పు నిన్ను పిలవకముందే అంజూరపు చెట్టు కింద నిన్ను చూశానన్నాడు ప్రభువు (యోహాను 1:48). ఆ చెట్టు కింద నతనయేలు ఏం చేస్తున్నాడో బైబిలు చెప్పదు. ప్రార్థిస్తున్నాడో, బాధపడుతున్నాడో, ఊరికే ఎండకు నీడ వెతుక్కున్నాడో. ఏదైనా ప్రభువు చూశాడన్నది మాత్రం నిజం. మర్రి కూడా అంజూరపు జాతి చెట్టే. ఈ బీజాపూర్ రోడ్డు మీద మర్రి కింద గంప దించుకుని కూర్చున్న ప్రతి ఒక్కరినీ, వాళ్ల గుండెలోని బరువునూ ఆయన చూస్తూనే ఉన్నాడు. మనల్ని ఒక్కోసారి రొట్టె తెచ్చిన పొరుగింటి చేతిని పంపి పలకరిస్తాడు. ఒక్కోసారి మననే రొట్టెనిచ్చి పంపుతాడు.

మేం బయలుదేరే వేళకు ఇంటి ముందు ఆటో స్టార్టయింది. ప్రశ్న అడిగిన ఆ యువకుడే పాలకూర కట్టల గంపలు ఒక్కొక్కటిగా ఆటోలోకి ఎత్తుతున్నాడు. ‘‘పెద్దమ్మా, రేపటి సంది నువ్వు బస్సు కాడ నిలబడకు. పొద్దుగాల నేనే వచ్చి తీస్కపోత. మెల్లగనే తోలుత’’ అన్నాడు.

అతని ప్రశ్నకు పూర్తి జవాబు దొరికిందని మేం చెప్పలేం. ఆ రోడ్డు మీద ఆ చోటికి వచ్చేసరికి రేపు కూడా అతని గుండె జారవచ్చు. కానీ పక్కన ఒక తోడు ఉంటుంది.

ప్రియులారా, ఈ వారం మీ వీధిలో దుఃఖపడే ఇల్లు ఒక్కటైనా ఉండకపోదు. పెద్ద మాటలేవీ వెతుక్కోకండి. కాస్త అన్నమో రొట్టో పట్టుకెళ్లి వాళ్లు తినేదాకా కూర్చోండి. సమస్త ఆదరణకు మూలమైన దేవుడు మీతోపాటు ఆ చాప మీద కూర్చుంటాడు.