అవతలివాళ్లు ‘అవును’ అంటేనే లెక్క

ప్లేస్‌మెంట్ల సీజన్‌లో విజయనగరం గంటస్తంభం దగ్గర ఏదైనా జెరాక్స్ షాపులో ఓ పావుగంట నిలబడి చూడండి. ప్రింటర్‌లోంచి వచ్చే రెజ్యూమెల్లో సగం ఒకేలా ఉంటాయి. ‘గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’, ‘టీమ్ ప్లేయర్’, ‘క్విక్ లెర్నర్’... నా మొదటి రెజ్యూమెలోనూ ఇవే ఉండేవి. ఓ ఇంటర్వ్యూలో మొదటి లైను మీద పెన్ను పెట్టి ‘‘ఈ మాట ఎవరు చెప్పారు?’’ అని అడిగారు. ‘‘నేనే సార్’’ అన్నాను. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ ఉద్యోగం రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తర్వాత ఓ హాబీలో దొరికింది. అదే హామ్ రేడియో. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తే, ఇంట్లోంచే సొంత రేడియో స్టేషన్‌తో ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడుకునే సదుపాయం ఇది. మొబైల్ టవర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇందులో అవార్డులు కూడా ఉంటాయి. వాటికి ఒకటే షరతు: మీరు మాట్లాడానని చెబితే చాలదు, అవతలివాళ్లు కూడా ‘అవును, మాట్లాడాం’ అనాలి.

ఏమిటీ అవార్డులు?

హామ్ ఆపరేటర్లు తాము మాట్లాడిన ప్రతి స్టేషన్ వివరాలనూ లాగ్‌బుక్‌లో రాసుకుంటారు. ఎవరితో, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ బ్యాండ్‌లో, ఏ పద్ధతిలో మాట్లాడారన్నది అందులో ఉండాలి. ఇలా వేర్వేరు ప్రాంతాలతో మాట్లాడి, నిరూపించుకున్నవాళ్లకు అవార్డు ఇస్తారు.

మొదటి మెట్టు ‘వర్క్‌డ్ ఆల్ కాంటినెంట్స్’. ఆరు ఖండాల్లో ఒక్కో స్టేషన్‌తో మాట్లాడితే చాలు. అందరూ కలలు కనేది మాత్రం డీఎక్స్‌సీసీ. దీన్ని అమెరికాకు చెందిన ఏఆర్‌ఆర్‌ఎల్ 1937 నుంచి ఇస్తోంది. ఆ జాబితాలో ప్రస్తుతం 340 ప్రాంతాలున్నాయి. వాటిలో కనీసం 100 సాధించాలి. ఇందులో దేశమంటే రాజకీయ పటంలోని దేశమే కాదు. దూరంగా ఉన్న దీవుల్ని విడిగా లెక్కేస్తారు. మన దేశమే మూడు లెక్కలు: ప్రధాన భూభాగం ఒకటి, లక్షద్వీప్ ఒకటి, అండమాన్ నికోబార్ ఒకటి.

భూగోళాన్ని గళ్లుగా విడగొట్టి ఇచ్చే అవార్డులూ ఉన్నాయి. విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఎన్‌కే18 అనే గడిలో ఉన్నాయి. విశాఖపట్నం ఎన్‌కే17లోకి వెళ్తుంది. పలాస ఎన్‌కే28, ఇచ్ఛాపురం ఎన్‌కే29. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలతో మీ గడి ఏదో మీరే లెక్కగట్టుకోవచ్చు.

అండమాన్ కోసం ఎదురుచూపు

ఈ అవార్డుల వేట వట్టి కాలక్షేపమేగా అనుకునేవాళ్లకు చెప్పాల్సిన కథ ఒకటుంది. అది మన బంగాళాఖాతంలోనే జరిగింది.

విజయనగరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు 1200 కిలోమీటర్లు. షార్ట్‌వేవ్ సిగ్నల్‌కి అదో దూరం కాదు. కానీ అక్కడి నుంచి హామ్ రేడియో నడపడానికి అనుమతి దొరకడం కష్టం. 1987 తర్వాత 17 ఏళ్ల పాటు అండమాన్ మూగగానే ఉంది. డీఎక్స్‌సీసీ జాబితాలో ఆ ఒక్క గడీ ఖాళీగా మిగిలిపోయినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

చివరికి అనుమతి తెచ్చుకున్నది హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం. నాయకత్వం భారతీ ప్రసాద్‌ది. 2004 డిసెంబరు మొదట్లో పోర్ట్‌బ్లెయిర్ నుంచి ‘వీయూ4ఆర్‌బీఐ’ అనే ఆమె కాల్‌సైన్ వినబడగానే అన్ని ఖండాల నుంచీ పిలుపులు వెల్లువెత్తాయి. అలా పిలిచేవాళ్లందరికీ కావాల్సింది ఒక్కటే, ఆమె లాగ్‌లో తమ కాల్‌సైన్.

డిసెంబరు 26 ఉదయం 6.29కి సుమత్రా దగ్గర సముద్రం కింద భూకంపం వచ్చింది. తీవ్రత 9.1. కాసేపటికే సునామీ. దీవుల్లో కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. అవార్డుల కోసం కట్టిన యాంటెన్నాలే ఆ రోజు నుంచి బతికున్నవాళ్ల కబుర్లు ప్రధాన భూభాగానికి చేరవేశాయి. తర్వాత కార్ నికోబార్ నుంచి కూడా హామ్ ఆపరేటర్లు పనిచేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ బృందం విపత్తు కోసం వెళ్లలేదు. కానీ అంతకుముందు మూడు వారాలుగా వాళ్లు చేసిందేమిటి? హోరులోంచి ఒక కాల్‌సైన్ పట్టుకోవడం, తప్పు లేకుండా రాసుకోవడం, తిరిగి చెప్పి సరిచూసుకోవడం. సునామీ నాడు కాల్‌సైన్ల స్థానంలో మనుషుల పేర్లు వచ్చాయి, అంతే. పేరు తప్పు విన్నా, ఊరు తప్పు రాసినా ఓ కుటుంబానికి తప్పుడు కబురు వెళ్తుంది.

మన జిల్లాలకు ఇది దూరపు సంగతేం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. చేతిలో ఫోన్ ఉన్నా సిగ్నల్ లేని రోజులు ఎలా ఉంటాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

నేను చేసిన తప్పు

డాబా మీద వాటర్ ట్యాంకుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య తీగ కట్టి నేనూ మొదలెట్టాను. మొదటి నెలలో పదిహేను దేశాలు. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. ధ్రువీకరణ కోసం లాగ్ అప్‌లోడ్ చేశాను. ఒక్కటీ మ్యాచ్ కాలేదు.

రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాక విషయం తెలిసింది. నేను టైమ్ అంతా మన భారత కాలమానంలో రాశాను. ప్రపంచంలో హామ్‌లందరూ రాసేది యూటీసీలో. తేడా అయిదున్నర గంటలు. రెండు వైపులా సమయాలు అరగంటకు మించి తేడా ఉంటే ‘లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్’ అనే వ్యవస్థ ఒప్పుకోదు. నేను మాట్లాడింది నిజమే. అయినా రికార్డు తప్పు కాబట్టి లెక్కలోకి రాలేదు. లాగ్ అంతా సరిచేసి మళ్లీ పంపితే తొమ్మిది ఖరారయ్యాయి. మిగతా ఆరింటిలో రెండు కాల్‌సైన్లు నేనే తప్పు విన్నాను. నాలుగు చోట్ల అవతలివాళ్లు ఇంకా అప్‌లోడ్ చేయలేదు. పదిహేను కాస్తా తొమ్మిది అయింది. కానీ ఆ తొమ్మిదింటిని ఇక ఎవరూ ప్రశ్నించలేరు.

ఇందులో చదువు ఎక్కడుంది?

అడుగడుగునా ఉంది. ఈసీఈ వాళ్లైతే యాంటెన్నా చాప్టర్ గుర్తు తెచ్చుకోండి. 143ని మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీతో భాగిస్తే హాఫ్‌వేవ్ డైపోల్ పొడవు మీటర్లలో వస్తుంది. 14 మెగాహెర్ట్జ్‌కి సుమారు 10 మీటర్లు, 7కి 20 మీటర్లు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఇది. డాబా మీద చేస్తే, తీగ ఓ అడుగు కత్తిరిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ ఎలా మారుతుందో కళ్లారా చూస్తారు.

సీఎస్‌ఈ వాళ్లకూ ఇందులో పని ఉంది. ధ్రువీకరణ వ్యవస్థలో మీ లాగ్ మీద డిజిటల్ సంతకం ఉంటుంది. పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ అని క్లాసులో చెప్పిందే ఇక్కడ వాడతారు. ఇక 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు భౌతికశాస్త్ర నోబెల్ గ్రహీత జో టేలర్. రొదలో వందో వంతు బలమున్న సిగ్నల్‌ని కూడా ఇది చదివేస్తుంది. ఒక్కో సందేశం 77 బిట్లు, 15 సెకన్లకో వంతు. సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఎర్రర్ కరెక్షన్ ఎందుకు చదవాలో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ఖరీదైన రేడియో కొనాలేమో అని భయపడకండి. తక్కువ ఖర్చుతో ఎవరైనా కట్టుకోగలిగే ‘బిట్‌ఎక్స్’ రేడియో డిజైన్ మన హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్‌ది. సర్క్యూట్ అందరికీ తెరిచి పెట్టారు. అందులో తర్వాత వచ్చిన మోడల్‌ను నడిపేది ఆర్డువినో. ప్రపంచంలో చాలామంది దాన్ని సోల్డర్ చేసి, మార్చి, మెరుగుపరిచారు.

ఉద్యోగం వస్తుందా?

సూటిగా చెబుతాను. హామ్ లైసెన్సు చూసి ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. హామ్ రేడియోతో డబ్బు సంపాదించడం నిబంధనలకే విరుద్ధం. అవార్డు సర్టిఫికెట్‌కి మార్కులూ ఉండవు.

కానీ రెజ్యూమెలో మొదటి లైను మారుతుంది. ‘గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ బదులు ‘సొంతంగా కట్టిన 10 మీటర్ల డైపోల్‌తో ఆరు ఖండాలతో మాట్లాడాను, ఆరూ ధ్రువీకరణ అయ్యాయి’ అని రాయండి. ‘ఎవరు చెప్పారు?’ అని అడిగితే ‘ఇదిగో సార్, అవతలివాళ్ల లాగ్’ అని చూపించొచ్చు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు మీ పని గురించే ఉంటాయి. దక్షిణ అమెరికా ఎందుకు కష్టమైంది, ఏ వేళకి దొరికింది, యాంటెన్నా ఎటు తిప్పారు అని అడుగుతారు. చేసిన పనికి జవాబులు బట్టీ పట్టక్కర్లేదు.

రేడియో మీకు నచ్చకపోవచ్చు. ఫర్వాలేదు, సూత్రం మాత్రం తీసుకోండి. గిట్‌హబ్‌లో మీరు కోడ్ పెట్టడం మీ లాగ్. వేరే ప్రాజెక్టు వాళ్లు దాన్ని కలుపుకోవడం ధ్రువీకరణ. కోర్సు వీడియోలు చూడటం మీ లాగ్. పరీక్ష రాసి పాసవడం ధ్రువీకరణ. ఈ రోజు మీ రెజ్యూమె తీసి ప్రతి లైను పక్కనా ‘దీనికి అవును అనేదెవరు?’ అని రాసుకోండి. ఎవరూ లేని లైన్లు ఎన్ని ఉన్నాయో చూడండి.

మొదలెట్టాలంటే...

* ముందు వినండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే షార్ట్‌వేవ్ ఉచితంగా వినొచ్చు. వారం రోజులు కాల్‌సైన్లు విని రాసుకోవడం ప్రాక్టీస్ చేయండి.

* లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. ముందుగా అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ పరీక్ష పాసవ్వాలి. కనీస వయసు 12 ఏళ్లు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు అని రెండు భాగాలు. జనరల్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా ఉంటుంది, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి ఉండదు. టెలికం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో తాజా నిబంధనలు చూసుకుని దరఖాస్తు చేయండి.

* కాలేజీలో నలుగురు కలిసి చదవండి. ఈసీఈ ల్యాబ్‌లో ఓ మూల అడిగితే క్లబ్ మొదలైనట్టే.

* లాగ్‌లో టైమ్ యూటీసీలోనే రాయండి. ఈ ఒక్కటి మాత్రం నన్ను చూసి నేర్చుకోండి.

* మొదటి లక్ష్యం ఆరు ఖండాలు. ఆసియా మొదటి రోజే అయిపోతుంది. 14 మెగాహెర్ట్జ్‌లో సాయంత్రం యూరప్ బాగా వినిపిస్తుంది. దక్షిణ అమెరికా మనకు భూగోళంలో దాదాపు అవతలి వైపు. తెల్లవారుజామున అలారం పెట్టుకోవాల్సి రావచ్చు. నాకు నాలుగు నెలలు పట్టింది.