అంటు చాకుకు తోలు ఒర.. కుట్టుకోవడం ఇలా!

కడియం: అంటు కట్టే చాకుకు పదును తగ్గితే కోత నలుగుతుంది, అంటు అతకదు. అంత పదునున్న చాకును కడియం, కడియపులంక నర్సరీల్లో జేబులో ఉత్తిగా వేసుకు తిరిగితే కోత పడేది తొడకే. మడిచే చాకు కానప్పుడు తోలు ఒర తప్పనిసరి. ఒకటి రెండు పాడుచేశాక చేత్తో కుట్టడం ఎవరికైనా పట్టుబడుతుంది.

తంగేడు చెక్క, కరక్కాయలతో శుద్ధి చేసిన దళసరి తోలు ఎంచుకోవాలి. సంచులకు వాడే మెత్తని క్రోమ్ తోలు ఆకారం నిలుపుకోదు.

చాకు కొలతకు ముందు కాగితం కత్తిరించుకుని, ఆపై తోలు కోయాలి. మడత చాకు వెన్ను వైపు, కుట్టు పదును వైపు రావాలి. కొత్తవారు పొరబడేది ఇక్కడే. రెండు పొరల నడుమ కుట్టు వెంబడి సన్నని తోలు పట్టీ పెట్టి అతికించాలి. అది లేకుంటే చాకు తీసిన ప్రతిసారీ దారం తెగుతూ వస్తుంది.

ఆరెతో సమదూరంలో రంధ్రాలు పొడిచి, మైనం రాసిన దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలో ఇరువైపుల నుంచీ దూర్చి బిగించాలి. ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది.

తర్వాత ఒరను నీటిలో తడిపి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన చాకును దూర్చి, బొటనవేళ్లతో అదిమి నీడలోనే ఆరబెట్టాలి. వానాకాలంలో తోలు చెమ్మ పీలుస్తుంది కనుక రాత్రిపూట చాకును బయటికి తీసి ఉంచితే తుప్పు పట్టదు.