కూత వినబడును, తాళపుచెవి కనబడదు

ప్రయోగపరీక్ష ఆరంభము కావలసిన ఒక ఉదయమున మా ప్రయోగశాల అలమార తాళపుచెవి కనబడలేదు. దానికి కూతపెట్టు చిన్న బిళ్ళ తగిలించియే యున్నది. స్మార్ట్‌ఫోనులో నొక్కగా అది కీచుమని మ్రోగినది. విద్యార్థులు తలుపు బయట నిలిచియుండగా, ఆ కూతను వినుచునే పది నిమిషములు గదియంతయు వెదకితిమి. ధ్వని వినబడుచున్నను దిక్కు ఏల తెలియలేదు?

గాలిలో శబ్దవేగము 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు. కుడి ప్రక్కనుండి వచ్చు ధ్వని కుడి చెవికి ముందు, ఎడమ చెవికి రవంత తరువాత చేరును. ఈ రవంత తేడాను మెదడు పట్టగలదు. మీటరు పొడవు రబ్బరు గొట్టపు కొనలను రెండు చెవులకు ఆనించుకొని, వెనుక నున్నవారిని గొట్టము మీద పెన్సిలుతో తట్టమనుడు. నడిమికి 2 సెంటీమీటర్లు ప్రక్కగా తట్టినచో దారిలో భేదము 4 సెంటీమీటర్లు, కాలములో సెకనున 8,500వ వంతు మాత్రమే. అయినను ఏ ప్రక్కనో చెప్పగలరు. తరగతిలో ఇది చేసి చూపిన, పాఠము సగము చెప్పినట్లే.

కాని తట్టుట వేరు, ఎడతెగని కూత వేరు. 3,000 హెర్ట్జుల కూతకు తరంగదైర్ఘ్యము సుమారు 11 సెంటీమీటర్లు. తలను చుట్టివచ్చు దారి అంతకంటె ఎక్కువ. అలలన్నియు ఒకే తీరున నుండుటచే, ఒక చెవికి చేరిన అలకు రెండవ చెవిలో ఏది జతయో తెలియదు. ఇంకను హెచ్చు స్థాయి ధ్వనులకు తల అడ్డుపడి, ఒక చెవికి గట్టిగను మరొక చెవికి మెల్లగను వినిపించును. ఈ రెండు ఉపాయములను లార్డ్ రేలీ 1907లో వివరించెను. 3,000 ప్రాంతమున రెండును అంతంతమాత్రమే.

చాల ఫోనులకు పైన ఒకటి, క్రింద ఒకటి మైకులుండును. వాని ఎడము 15 సెంటీమీటర్లనుకొందము. ఫోను సెకనుకు 48,000 మారులు ధ్వనిని కొలిచిన, కొలతకు కొలతకు నడుమ శబ్దము 7 మిల్లీమీటర్లు నడచును. ధ్వని ఫోను నిడివి వెంబడి వచ్చినచో మైకుల నడుమ 21 కొలతల తేడా, అడ్డముగా వచ్చినచో సున్న. మధ్య అంకెలు కోణమును తెలుపును. కుడియో ఎడమయో తేలనిచో ఫోనును త్రిప్పి మరల కొలువవలెను. ఐతే ఒకే స్థాయి కూత ఫోనును కూడ మనవలెనే మోసగించును. అందుచే బిళ్ళ చేయు ధ్వని పిట్టకూతవలె స్థాయి మారుచుండిన మేలు; అపుడు ఏ అల ఏదో గుర్తుపట్టవచ్చును.

గోడల ప్రతిధ్వనులలో మొదట చేరినదే నేరుగా వచ్చినదని ఎంచవచ్చును. వస్తువు ప్రక్క గదిలో నున్నచో అదియు చాలదు. ధ్వని ద్వారము గుండ వచ్చును గనుక ఫోను ద్వారమునే చూపును. అచ్చటికి పోయి మరల కొలువవలసినదే. మా తాళపుచెవి త్రాసుల గదిలో, కొయ్యకు వ్రేలాడుచున్న నా కోటు జేబులోనే దొరకినది.