నిదానమే ప్రధానం : కారు ఇంజను నీటిలో బుడగలు

తెలుగులో 'నిదానం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నలుగురూ మాట్లాడుకునే భాషలో నిదానమంటే తొందరపాటు లేకపోవటం. వైద్యుల పరిభాషలో నిదానమంటే రోగ కారణాన్ని కనుగొనటం. ఆయుర్వేదంలో 'మాధవ నిదానం' అనే ప్రసిద్ధ గ్రంథం ఈ విషయాన్నే చర్చిస్తుంది. కారణాన్ని తెలుసుకోదలచినవారు తొందరపడరాదనే హితవు ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నట్లు మనకు తోస్తుంది. మనుషుల రోగాలకే గాక యంత్రాల రోగాలకు కూడా ఈ హితవు వర్తిస్తుంది. అందుకు ఉదాహరణగా కారు ఇంజనును చల్లబరచే నీటిలో కనిపించే బుడగలను తీసుకొందాం.

భాష చెప్పేవారికి ఇంజనుతో ఏమి పని అని కొందరు ప్రశ్నించవచ్చు. మన విద్యార్థులలో పలువురి ఇళ్ళలో కారు విలాస వస్తువు కాదు. అన్నం పెట్టే చెయ్యి. అద్దెకు తిరిగే ఆ బండి పది రోజులు షెడ్డులో పడి ఉంటే పరీక్ష రుసుము కట్టే వేళకు ఇంట్లో చేతులు ఖాళీగా ఉంటాయి. ఇక భౌతిక, రసాయన శాస్త్రాలు చదివే విద్యార్థులకు తరగతిలో విన్న సూత్రాలు పని చేయటాన్ని కళ్ళారా చూడటానికి ఇంతకంటె దగ్గరి ప్రయోగశాల మరొకటి లేదు.

సిలిండరులో పెట్రోలు మండినప్పుడు ఆ వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలం 2,000 డిగ్రీల సెంటీగ్రేడును మించిపోతుంది. ఇంజను తలభాగం, అనగా 'హెడ్', నేటి కార్లలో సాధారణంగా అల్యూమినియం మిశ్రమంతో పోతపోసినది. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరుగుతుంది. అయినా ఇంజను కరగకుండా నిలిచి ఉన్నదంటే, దాని గోడల వెంట నిరంతరం ప్రవహించే ద్రవమే కారణం. ఆ ద్రవాన్ని వాటర్ పంపు తిప్పుతుంది. ఇంజను తగినంత వేడెక్కే వరకు థర్మోస్టాట్ వాల్వు రేడియేటరు దారిని మూసి ఉంచుతుంది. సుమారు 82 నుండి 90 డిగ్రీల మధ్య తెరచుకొంటుంది. అప్పుడు వేడి ద్రవం రేడియేటరు సన్నని గొట్టాలలో పారి, గాలికి తన వేడిని అప్పగించి తిరిగి ఇంజనులోనికి వస్తుంది.

ఇందులో అందరూ చిన్నచూపు చూసే భాగం రేడియేటరు మూత. అది వట్టి మూత కాదు. మన వంటింటి ప్రెషర్ కుక్కరు మీది బరువు చేసే పనినే అదీ చేస్తుంది. సాధారణ పీడనంలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత లోపలి స్ప్రింగు చదరపు సెంటీమీటరుకు సుమారు 0.9 కిలోగ్రాముల అదనపు పీడనాన్ని నిలుపగలిగితే అదే నీరు 118 డిగ్రీల దాపు వరకు మరగదు. వేడికి వ్యాకోచించి పొంగిన ద్రవాన్ని ఈ మూత పక్కనున్న చిన్న డబ్బాలోనికి వదలుతుంది. ఇంజను చల్లారినప్పుడు అందులోని రెండవ చిన్న వాల్వు తెరచుకొని ఆ ద్రవాన్నే వెనుకకు పీల్చుకొంటుంది. కొన్ని కార్లలో ఈ పీడనపు మూత రేడియేటరు మీద గాక ఆ డబ్బా మీదనే ఉంటుంది.

ఇక బుడగల సంగతి. రేడియేటరులో బుడగ కనబడగానే 'హెడ్ గ్యాస్కెట్ పోయింది' అని తీర్పు చెప్పేవారు కొల్లలు. గ్యాస్కెట్ అనేది ఇంజను దిమ్మెకూ హెడ్‌కూ మధ్య బిగించిన పలుచని పొర. నిప్పు, నీరు, నూనె అనే మూడింటినీ పక్కపక్కనే ప్రవహించనిస్తూ ఒకదానితో ఒకటి కలవకుండా కాపాడే గోడ అది. ఆ గోడకు చిల్లి పడితే సిలిండరులోని వాయువులు నీటిలోనికి చొచ్చుకొని వస్తాయి, బుడగలు పుడతాయి. ఇది నిజమే. కాని బుడగకు ఇది ఒక్కటే జన్మస్థానం కాదు, నాలుగింటిలో ఒకటి. కొత్తగా ద్రవం నింపినప్పుడు లోపల చిక్కుకున్న గాలి మొదటిది. మూత బలహీనపడి పీడనం నిలువకపోవటం వల్లనో, ద్రవం తగ్గటం వల్లనో నీరు మరిగి పుట్టిన ఆవిరి రెండవది. పంపు సీలు అరిగినప్పుడు, లేక కింది హోస్ పైపు క్లిప్పు వదులైనప్పుడు పంపు లోనికి పీల్చుకొనే బయటి గాలి మూడవది. గ్యాస్కెట్ చిల్లి గాని, హెడ్‌లో పగులు గాని నాలుగవది. మొదటి మూడింటికి చికిత్స స్వల్పం. నాలుగవదానికి ఇంజను విప్పవలసి ఉంటుంది. కాబట్టి చవకైన కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చిన తరువాతనే ఖరీదైన కారణం వద్దకు వెళ్ళటం వివేకం.

పరీక్షకు ముందు ఒక హెచ్చరిక. వేడిగా ఉన్న ఇంజను మూతను ఎట్టి పరిస్థితిలోను తెరువరాదు. పీడనం కింద 100 డిగ్రీలు దాటి ఉన్న నీరు మూత తొలగిన మరుక్షణం ఆవిరిగా మారుతుంది. నీరు ఆవిరి అయినప్పుడు దాని ఘనపరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ ఆవిరి ముఖం మీదికి, చేతుల మీదికి చిమ్మితే కలిగే గాయాలు జీవితాంతం మిగులుతాయి. గుడ్డ కప్పి తెరవటం కూడా రక్షణ కాదు. ఇంజను పూర్తిగా చల్లారే వరకు ఆగటమే రక్షణ.

మొదట చూడవలసినది ద్రవం ఎటు పోతున్నదనే విషయం. రాత్రి బండి నిలిపిన చోట ఒక అట్టముక్క పరచి, తెల్లవారి దాని మీది తడిని చూడవలె. పైపుల చివరలు, రేడియేటరు అంచులు, వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం, ఇవన్నీ వెదకవలసిన తావులు. ద్రవం ఎండిన చోట రంగు మరక మిగులుతుంది. బండి లోపల కాళ్ళ దగ్గరి చాప తడిసి తియ్యని వాసన వస్తుంటే హీటరు పెట్టె కారుతున్నట్లు. బయట ఏ జాడా కనబడనప్పుడు, చల్లని ఇంజనుకు చేతి పంపుతో మూత మీద రాసి ఉన్న పీడనం వరకు గాలి ఎక్కించి, ముల్లు దిగుతున్నదా అని కొంతసేపు చూస్తారు. అదే పంపుతో మూతను కూడా పరీక్షించవచ్చు. పీడనాన్ని నిలుపలేని మూతను మార్చటానికి అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలే. ఇంజను విప్పితే అయ్యేది వేలలో.

తరువాత బుడగలు పుట్టే వేళను గమనించవలె. చల్లని ఇంజనులో మూత తీసి, ద్రవం అంచు వరకు నింపి, ఇంజనును కొద్ది నిమిషాలు మాత్రమే నడపాలి. చేతులను, దుస్తులను ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉంచుకోవాలి. ద్రవం వేడెక్కక మునుపే బుడగలు వస్తున్నాయంటే అవి ఆవిరి కాజాలవు. చిక్కుకున్న గాలి అయితే కొంతసేపు వచ్చి, మట్టం తగ్గి, మళ్ళీ నింపిన తరువాత ఆగిపోతుంది. ఎంతసేపటికీ ఆగక, వేగం పెంచినకొద్దీ హెచ్చుతుంటే అనుమానం మూడవ, నాలుగవ కారణాల మీదికి వెళుతుంది. ఈ రెండింటినీ వేరు చేయటానికి అనుభవజ్ఞులైన మేస్త్రీలు, బెల్టుతో తిరిగే పంపు ఉన్న బండ్లలో, ఆ బెల్టు తీసివేసి చల్లని ఇంజనును ఒక్క నిమిషం లోపు నడిపి చూస్తారు. పంపు ఆగినా బుడగలు వస్తుంటే పంపు నిర్దోషి.

దీనికి రసాయన శాస్త్రం ఇచ్చే సాక్ష్యం మరింత గట్టిది. బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచికను మన ప్రయోగశాలలలో విద్యార్థులు ఎరుగుదురు. ఆ నీలి ద్రవాన్ని ఒక గాజు గొట్టంలో పోసి రేడియేటరు నోటిపై నిలిపి, లోపలి గాలిని దాని గుండా లాగుతారు. పెట్రోలు మండగా వచ్చిన కార్బన్ డయాక్సైడు అందులో ఉంటే నీటిలో కరగి కార్బానిక్ ఆమ్లమవుతుంది. నీలం క్రమంగా పసుపుగా మారుతుంది. మామూలు గాలిలో ఆ వాయువు అత్యల్పం కనుక రంగు మారదు. అయితే రేడియేటరులోని ద్రవం ఆ గొట్టంలోనికి ఎక్కితే పరీక్ష చెడుతుంది.

ఇతర లక్షణాలను ఒంటరిగా నమ్మరాదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా ఆగని తెల్లని పొగ, తియ్యని వాసన, ఒక ప్లగ్గు మాత్రమే కడిగినట్లు తెల్లగా ఉండటం, ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు తిరగటం గ్యాస్కెట్ దోషాన్ని సూచిస్తాయి. కాని చలికాలపు ఉదయం కొద్దిసేపు వచ్చే తెల్లని ఆవిరి సహజం. దగ్గరి దూరాలకే తిరిగే బండిలో ఆయిలు మూత అడుగున పేరుకొనే పాలరంగు జిడ్డు వట్టి చెమ్మ కావచ్చు. రెండు మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్పినప్పుడే తీర్పు ఇవ్వవలె.

తొందరపాటు ఎంత దోషమో ఉపేక్ష కూడా అంత దోషం. రోజూ ఒక సీసా నీళ్ళు పోసి బండిని లాగించటం, కారుతున్న రేడియేటరులో పసుపు పొడి వేయటం, వేడి ఎక్కువైందని థర్మోస్టాట్ పీకివేయటం మన దారులలో పాత అలవాట్లు. పసుపు చిల్లితో పాటు సన్నని గొట్టాలను కూడా పూడ్చగలదు. బోరు నీటిలోని లవణాలు లోపల పొరలుగా పేరుకొని వేడిని బయటికి పోనివ్వవు. అన్నిటికంటె ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉన్నది. ద్రవం బాగా తగ్గి, ఉష్ణోగ్రతను కొలిచే పరికరం ద్రవంలో గాక గాలిలో మిగిలిపోతే, ఇంజను కాలిపోతున్నా మన ఎదుటి ముల్లు శాంతంగా ఉండవచ్చు. అల్యూమినియం ఇనుముకంటె ఇంచుమించు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. ఇనుప దిమ్మెకు బిగించిన హెడ్ మితిమీరి వేడెక్కితే వంగుతుంది. పలు ఇంజన్లలో మిల్లీమీటరులో పదోవంతు వంకరను కూడా సహించరు. అప్పుడు ఆవిరితో నిలిచిపోయిన ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరిస్తే పగుళ్ళు కూడా తోడవుతాయి.

కావున కూలెంటును, ఉప్పులేని శుద్ధజలాన్ని ఇంజను తయారీదారు చెప్పిన పాళ్ళలో కలిపి వాడవలె. సాధారణంగా అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, పశువులకు అందనీయరాదు.

మన షెడ్లలో ఉస్తాద్ అని గౌరవంగా పిలువబడే మేస్త్రీ బండి రాగానే పానా పట్టడు. ముందుగా అడుగుతాడు: ఎన్నాళ్ళుగా తగ్గుతున్నది? రోజుకు ఎంత? చల్లగా ఉన్నప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా? ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేలా రోజూ ఉదయం మట్టం చూసి తేదీతో రాసి పెట్టుకోవటం బండి గలవారి వంతు. ఆ చిన్న పుస్తకాన్ని ఇంట్లో చదువుకున్న కుర్రవాడు రాయగలిగితే, చదువు ఆ ఇంటికి ఉద్యోగం రాకముందే ఉపయోగపడినట్లు. లక్షణాన్ని చూసి కారణాన్ని ఊహించటం ఎవరికైనా తేలిక. ఊహించిన కారణాన్ని పరీక్షకు నిలపటమే విద్య. అందుకు కావలసిన మొదటి పనిముట్టు షెడ్డులో దొరకదు. దాని పేరు నిదానం.