కథలో మాంత్రికుడుంటే పిల్లలు చదవకూడదా? గోదావరి జిల్లాల్లో మతాలు ఏమంటున్నాయి.. అసలు సంగతేంటి?

సెలవులొస్తే చాలు, పిల్లల చేతిలో ఫోను, ఫోన్‌లో హ్యారీ పోటర్. మంత్రదండం ఊపితే వస్తువులు గాల్లోకి లేస్తాయి. చీపురు ఎక్కి ఎగురుతారు. పక్కన కూర్చున్న తాతయ్యకో, అమ్మమ్మకో వెంటనే ఓ డౌటు వస్తుంది. ఇలాంటివి చూస్తే పిల్లాడు చెడిపోడూ? మన మతం దీన్ని ఒప్పుకుంటుందా?

ఈ డౌటు గోదావరి జిల్లాలకు కొత్తేం కాదు. ఇంకా చెప్పాలంటే తెలుగులో మంత్రాల కథలకూ, మంత్రాలపై యుద్ధానికీ రెండింటికీ అడ్డా రాజమండ్రే.

ముందు మంత్రాల కథల సంగతి చూద్దాం. 'కాశీ మజిలీ కథలు' రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు రాజమండ్రి పండితుడు. పన్నెండు భాగాల పుస్తకం అది. మణిసిద్ధుడు అనే బ్రాహ్మణుడు కాశీకి బయల్దేరతాడు. తోడుగా వచ్చే పశువుల కాపరి ఓ షరతు పెడతాడు. ప్రతి మజిలీలో తనకు కనిపించిన వింత గురించి అడుగుతాడు, దాని కథ చెప్పాలి. చెప్పకపోతే అడుగు ముందుకెయ్యడు. మణిసిద్ధుడు తన దగ్గరున్న మణి మహిమతో జరిగిందంతా తెలుసుకుని చెబుతాడు. యక్షిణులు, రాక్షసులు, రూపాలు మారేవాళ్లు.. అన్నీ ఉంటాయి. గమనించారా? పుణ్యయాత్రలోనే మాయల కథలు! కాశీకి వెళ్తూ ఇవేం కథలని పాఠకులకు అనిపించలేదు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' సినిమాకు మూలం కూడా ఈ కథలే. అందులో నేపాళ మాంత్రికుడిగా వేసిన ఎస్వీ రంగారావు, సినిమాల్లోకి రాకముందు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు కట్టిన మనిషే.

ఇక రెండో వైపు కందుకూరి వీరేశలింగం. 1848లో రాజమండ్రిలోనే పుట్టారు. బ్రహ్మసమాజ భావాలున్న ఆయన దెయ్యాలు, భూతవైద్యం, మంత్రగాళ్లపై 'వివేకవర్ధని' పత్రికలో ఏకిపారేశారు. ఆయన 'రాజశేఖర చరిత్రము' కథ ధవళేశ్వరంలో మొదలవుతుంది. బంగారం చేసిపెడతానని నమ్మించిన ఓ బైరాగి, ఇంట్లో ఉన్న బంగారం కాస్తా పట్టుకుని ఉడాయిస్తాడు. హ్యారీ పోటర్ మొదటి పుస్తకంలో అందరూ వెతికే రాయి కూడా అదే మరి. మన భాషలో పరుసవేది. అక్కడ అది పిల్లల సాహసానికి వస్తువు, ఇక్కడ ఇల్లు గుల్ల చేసే మోసానికి ఎర.

మరి వీరేశలింగం కల్పిత కథలకే వ్యతిరేకమా? కానే కాదు. గలివర్ కథ స్ఫూర్తితో 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' రాశారు. అందులో ఆడవాళ్లు ఏలితే మగవాళ్లు అణిగిమణిగి ఉండే దేశం వస్తుంది. అలాంటి దేశం ఎక్కడా లేదని చదివేవాడికి తెలుసు. మన ఊళ్లో ఆడవాళ్ల పరిస్థితి ఏంటో తిరగేసి చూపించడానికే ఆ కల్పన. జంతువులు మాట్లాడే ఈసప్ కథల్నీ ఆయన తెలుగులోకి తెచ్చారు. ఆయన గొడవ కథతో కాదు, కథను నిజమని అమ్ముకునేవాడితో.

ఇప్పుడు అసలు ప్రశ్న. మతాలు ఏమంటున్నాయి?

డెల్టాలో క్రైస్తవం పాతదే. 1830ల్లోనే నర్సాపురం ప్రాంతానికి మిషనరీలు వచ్చారు. 1845లో రాజమండ్రిలో లూథరన్ మిషన్ మొదలైంది. ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో మంత్రాల కథలపై అనుమానం ఎక్కువ కనిపిస్తుందంటే, అందుకు ఓ కారణం బైబిల్ తెలుగు అనువాదంలోనే ఉంది. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలో కూడదన్న పనుల జాబితా ఉంటుంది. తెలుగు బైబిల్లో అక్కడ వాడిన మాటలు చూడండి. సోదెగాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, ఇంద్రజాలకుడు, కర్ణపిశాచిని అడిగేవాడు. ఇవన్నీ మన ఊళ్ల మాటలే. చిల్లంగి అంటే చేతబడి అని డెల్టాలో, ఏజెన్సీలో ఎవరినడిగినా చెబుతారు. సినిమాలో విలన్‌నీ, వాక్యంలో నిషేధించినవాడినీ ఒకే మాటతో పిలుస్తుంటే, చర్చికి వెళ్లే తల్లికి భయం వేయడం సహజమే.

అయితే క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదు. తర్వాత పోప్ బెనెడిక్ట్ అయిన కార్డినల్ రాట్జింగర్, 2003లో ఓ జర్మన్ రచయిత్రికి రాసిన లేఖలో హ్యారీ పోటర్ ఆకర్షణ గురించి జాగ్రత్త అన్నారు. 2009కి వచ్చేసరికి వాటికన్ పత్రికే ఆరో సినిమాను మెచ్చుకుంది. 2019లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఓ క్యాథలిక్ స్కూలు లైబ్రరీ నుంచి ఆ పుస్తకాలు తీసేశారు. మరోవైపు, మంత్రగత్తె విలన్‌గా ఉండే నార్నియా కథలు రాసిన సీఎస్ లూయిస్ పేరున్న క్రైస్తవ రచయిత. అంటే మంత్రం ఉందా లేదా అని కాదు, అది ఎవరి చేతిలో ఉంది, కథ దాన్ని ఏ చూపుతో చూస్తోంది అన్న దగ్గరే తేడా వస్తోంది.

ఇస్లాంలో సిహ్ర్, అంటే చేతబడి, మహా పాపాల్లో ఒకటి. ఖురాన్ రెండో అధ్యాయం 102వ వాక్యంలో దాని ప్రస్తావన ఉంది. 2002లో యూఏఈలో ప్రైవేటు స్కూళ్లు హ్యారీ పోటర్‌ను పక్కన పెట్టాయి. కానీ అల్లాదీన్ దీపం, జిన్నీల కథలు పుట్టి పెరిగింది కూడా ముస్లిం సమాజాల్లోనే. పర్షియన్, ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చిన గులేబకావళి కథను 1962లో ఎన్టీఆర్ సినిమాగా తెలుగువాళ్లంతా చూశారు.

హిందూ ఇళ్లలో పరిస్థితి వేరు. ఇక్కడ గీత మాటల్లోనే ఉంది. దేవుడు చేస్తే మహిమ, రాక్షసుడు చేస్తే మాయ, వీధిలో చేస్తే గారడీ, చాటుగా చేస్తే చేతబడి. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు రూపం మార్చితే ఎవరికీ తప్పనిపించదు. అలాగని శాస్త్రాలు అన్నిటికీ పచ్చజెండా ఊపలేదు. మారణం, వశీకరణం లాంటివి క్షుద్ర విద్యలని పెద్దలు దూరం పెట్టారు. పతంజలి యోగసూత్రాల్లో మూడో పాదం ఎక్కువ భాగం సిద్ధుల గురించే ఉన్నా, అవి సమాధికి అడ్డంకులని అక్కడే చెప్పారు. శక్తిపీఠమున్న ద్రాక్షారామం, పిఠాపురం ఈ నేలమీదే ఉన్నాయి. అమ్మవారి మంత్రం గురువు దగ్గర తీసుకునేవాళ్లు దాన్ని మ్యాజిక్‌తో కలిపి మాట్లాడితే ఒప్పుకోరు.

ఇంకో విచిత్రం. మాయలమారి కథలతో మూడు తరాల తెలుగు పిల్లల్ని పెంచింది 1947లో మొదలైన 'చందమామ'. దాన్ని ఏళ్ల తరబడి నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు, 'తోకచుక్క' లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఇద్దరూ దేవుణ్ని నమ్మనివాళ్లే! నమ్మకం లేనివాళ్లు రాశారు, నమ్మకం ఉన్నవాళ్లు పిల్లలకు చదివి వినిపించారు. ఎవరికీ ఇబ్బంది రాలేదు.

మరి భయపడాల్సింది ఏమీ లేదా? ఉంది. కానీ అది పుస్తకంలో కాదు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన ఘటనలు ఏజెన్సీ గ్రామాల నుంచి వార్తల్లోకి వస్తూనే ఉన్నాయి. ఇలాంటి దాడులకు కారణమయ్యేది ఊళ్లో జ్వరం వస్తే ఎవరో చేశారని వేలు చూపించే అలవాటు. దానికి తోడు, జబ్బుకు ఆస్పత్రి బదులు భూతవైద్యుడి దగ్గరికెళ్లడం. పిల్లాడు మంత్రదండం బొమ్మ పట్టుకుని ఆడుకుంటే కంగారు పడే ఇంట్లోనే, తాయెత్తుకు వేలు పోస్తున్నారేమో ఓసారి చూసుకోవాలి.

చిన్నపిల్లలకు ఏది కథో ఏది నిజమో వెంటనే తెలియకపోవచ్చు. నిజంగా ఎగరొచ్చా అని వాళ్లు అడుగుతారు. అడిగినప్పుడు విసుక్కోకుండా, అది కథ నాన్నా అని చెప్పేవాళ్లు పక్కనుంటే సరిపోతుంది. నిద్రలో ఉలిక్కిపడేంత భయం పట్టుకుంటే మాత్రం, ఏ మతం ఇల్లయినా, కొన్నాళ్లు ఆ సినిమా ఆపేయడమే మేలు.

చట్టం గీత ఎక్కడ గీసిందో కూడా తెలుసుకోండి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చేతబడి, అమానుష ఆచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి. నరబలి, దెయ్యం వదిలిస్తానని కొట్టడం లాంటివన్నీ మహారాష్ట్ర చట్టం కింద నేరాలే. అదే చట్టం హరికథలకు, కీర్తనలకు మినహాయింపు ఇచ్చింది. సాధుసంతుల మహిమల గురించి చెప్పడం, రాయడం కూడా, ఎవరి ఒంటికీ జేబుకూ నష్టం లేనంతవరకు, నేరం కాదని అందులో రాసి ఉంది.